నల్ల కోటు ఎవరిది?

నవంబరు 4

నా ఇన్‌స్పెక్టరమ్మకి,

అమ్మ దీవించి రాసేది. ముందుగా, నేను బతికే ఉన్నాను. నన్నెవరూ ఎత్తుకుపోలేదు, ఎత్తుకుపోయేంత తేలిగ్గానూ లేను. చెప్పకుండా వచ్చేసినందుకు ఈపాటికి నీ ముక్కు ఎర్రబడి ఉంటుంది. చెబితే పంపవు కదా! పోయినేడు మాటవరసకి అడిగితే, ‘ఈ వయసులో గంతులేసే వాళ్ళ మధ్య నీకేం పనమ్మా?’ అని నవ్వేశావు. అందుకే ఈసారి అడగడం మానేసి బయల్దేరాను.

‘పాత ఇనుము’ బ్యాండు వాళ్ళు ఇక పాడరట. అందరూ ముసలివాళ్ళయ్యారు, డ్రమ్ములు వాయించేవాడికి మోకాళ్ళ నొప్పులట. నాలుగు ఊళ్ళలో నాలుగు కచేరీలు చేసి గిటార్లు అటకెక్కిస్తారు. నాలుగూ చూసి వస్తాను. ఒక్కదాన్నే వచ్చాను, ఒక్కదాన్నే తిరుగుతున్నాను, బెంగపడకు. నా ఫోను బియ్యం డబ్బాలో ఉంది. ఫోనులో అయితే నన్ను సగం మాటలోనే ఆపేస్తావు, ఉత్తరంలో అయితే చివరిదాకా చెప్పగలను. లాడ్జీల చిరునామాలు, తేదీలు వెనకవైపు రాశాను. వారానికి రెండుసార్లు మొక్కలకు నీళ్ళు పొయ్యి. అంతకు మించి నా ఇంట్లో నీకు పనేమీ లేదు.

నిన్న మొదటి కచేరీ అయింది. మా లాండ్రీ షాపులో పెద్ద మెషీను దుప్పట్లు పిండేటప్పుడు నేల అదురుతుందే, సరిగ్గా అలాగే అదిరింది. నలభై ఏళ్ళుగా ఆ అదురు మీద నిలబడ్డ కాళ్ళు నావి, చెక్కుచెదరలేదు. పక్కనున్న కుర్రకారంతా చెవుల్లో దూది పెట్టుకున్నారు. ఇక్కడ అందరి మెడల్లోనూ ఎర్ర రిబ్బనుకి గుచ్చిన ఇనుప నట్టు ఒకటి వేలాడుతోంది. టికెట్టుతో పాటు ఇస్తారట. నాకు లేదు. నాకు టికెట్లు తెచ్చిపెట్టిన మనిషి మరిచిపోయినట్టుంది, పోనీలే.

లాడ్జీ గది ఫరవాలేదు. దుప్పటికి బ్లీచింగు ఎక్కువ పోశారు, ముక్కు మండుతోంది. కిటికీ తెరుచుకుని ఒక్కదాన్నే కూర్చుని రాస్తున్నాను.

అల్లుణ్ణి అడిగానని చెప్పు.

అమ్మ


నవంబరు 8

అమ్మా,

నమస్కారాలు తర్వాత, ముందు జవాబులు కావాలి.

‘ఒక్కదాన్నే’ అని ఆ ఉత్తరంలో ఎన్నిసార్లు రాశావో చూసుకున్నావా? పన్నెండేళ్ళుగా పరీక్ష హాల్లో నిలబడుతున్నాను. ‘నేను కాపీ కొట్టలేదు టీచర్’ అని ఎవరూ అడక్కముందే చెప్పేవాడి సాక్సులోనే చీటీలు దొరుకుతాయి. ఇంక ఆ నట్లూ బోల్టులూ నేను చదవలేదు, ఆ తర్వాతి వాక్యం దగ్గరే నా కళ్ళు ఆగిపోయాయి. టికెట్లు తెచ్చిపెట్టిన మనిషి ఎవరు? పేరు రాయకుండా ‘మనిషి’ అన్నావంటే దాచావనేగా అర్థం?

బియ్యం డబ్బాలో ఫోను దొరికింది. ఎవరితో మాట్లాడావో చూద్దామంటే దానికి తాళం వేసి పెట్టావు. ఎప్పటినుంచి వేస్తున్నావు?

సరే, అసలు సంగతికి వస్తాను. మొక్కలకు నీళ్ళు పొయ్యమంటే బీరువా ఎందుకు తెరిచావంటావు. చలేసింది, దుప్పటి కోసం తెరిచాను. దుప్పట్ల అడుగున, పాత తువ్వాల్లో చుట్టి, కలరా ఉండలు వేసి, మగవాళ్ళ నల్ల జీన్సు కోటు! నాన్నది కాదు. నాన్న భుజాలు ఆ కోటులో పట్టవు. పైగా నాన్న జన్మలో జీన్సు తొడగలేదు. ఆయనకి ప్యాంటు మీద గీత సరిగ్గా నిలబడకపోతే ఆ రోజు వార్తలు కూడా వినబుద్ధయ్యేది కాదు.

కాలరు తిప్పి చూశాను. మీ లాండ్రీ గుర్తు ఉంది. రెండు ఎర్ర కుట్లు, వాటి మీద అడ్డంగా ఒక పసుపు కుట్టు. ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి ఒక్కో ఖాతాదారుకి ఒక్కో రంగు దారం వేస్తారని నాకు తెలియదనుకున్నావేమో. బడి నుంచి వచ్చి నీ కౌంటరు కిందే కూర్చుని పెరిగాను నేను. ఆ రెండు ఎర్రలు, ఒక పసుపు ఎవరిదో కనుక్కోవడం నాకు పెద్ద పని కాదు.

నువ్వే చెబితే మర్యాదగా ఉంటుంది.

మీ పక్కింటివాళ్ళ పంపు మోటారు తెల్లవారకముందే మొదలవుతోంది. ఆ మోతలో రోజూ నీకు నిద్రెలా పడుతుందో, తల బద్దలవుతోంది.

నీ కూతురు


నవంబరు 12

ఇన్‌స్పెక్టరమ్మకి,

చెప్పను.

కోటు ఎవరిదో చెప్పను. చెప్పడానికే కూర్చున్నాను, కానీ ‘నువ్వే చెబితే మర్యాదగా ఉంటుంది’ అన్నదగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ముద్దాయిని ప్రశ్నించినట్టు అడిగితే ఎవరు చెబుతారు? నీకు అంత తెలివుంటే కనుక్కో. తాళం వేసిన ఫోను గురించి కూడా చెప్పను. అది దానంతటదే పడింది, ఎలా తియ్యాలో నాకే తెలియదు.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందట. అసలా కామెర్లు ఎక్కడ తగులుకున్నాయో నాకిప్పుడు అనుమానం. పంపు మోటారు తెల్లవారకముందే మొదలవుతుందన్నావు. నిజమే. అది విన్నావంటే రాత్రి నా ఇంట్లోనే పడుకున్నావు. చలేసి దుప్పటి తీశానన్నావు. పట్టపగలు మొక్కలకు నీళ్ళు పోసేవాళ్ళకు దుప్పటెందుకు? నీ ఇల్లు వదిలి నా ఇంట్లో ఎందుకుంటున్నావు? ‘అల్లుణ్ణి అడిగానని చెప్పు’ అంటే ఆ ఊసే ఎత్తలేదు. నువ్వొక్కదానివే దొంగల్ని పట్టేదానివి అనుకోకు.

రెండో కచేరీ బాగా జరిగింది. మధ్యాహ్నం నుంచే గేటు ముందు వరసలో నిలబడ్డాను. నా పక్కన ఒక బస్సు డ్రైవరమ్మ కూర్చుంది, సెలవు పెట్టి వచ్చిందట. తన మడత స్టూలు మీద నేను కాసేపు, తను కాసేపు. లోపలికి వెళ్ళాక ఎవరి దారి వాళ్ళది. ఆ పరిచయం నాకెంతో నచ్చింది, పేరు కూడా అడగలేదు. ఇప్పుడు ఆవిడ ఎవరని నువ్వు అడుగుతావు.

ఈ లాడ్జీలో మెట్లు ఎక్కువ. నా గది పైకప్పు కిందే ఉంది, వాన పడితే పడుకోబుద్ధి కావడం లేదు, అంత బాగుంది ఆ చప్పుడు. ఇంట్లో ఇన్నేళ్ళలో వానని ఇలా విన్నట్టు గుర్తు లేదు. ఎప్పుడూ ఆరేసిన బట్టల కోసం పరిగెత్తడమే.

అల్లుడెక్కడున్నాడో రాయి. నిజం రాయి.

అమ్మ


నవంబరు 17

అమ్మా,

దొరికాడు.

మీ షాపుకి వెళ్ళాను. దుప్పటి ఉతకడానికి ఇచ్చినట్టు ఇచ్చి, వేలాడదీసిన బట్టల కాలర్లు ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ‘ఏం వెతుకుతున్నావమ్మా?’ అన్నాడు మీ యజమాని. ‘గుండీ పడిపోయిందండీ’ అన్నాను. వెనక వరసలో తెల్లకోట్లు కనబడ్డాయి. రెండు ఎర్ర కుట్లు, అడ్డంగా పసుపు కుట్టు. మన వీధి చివరి పళ్ళ డాక్టరువి!

పళ్ళ డాక్టరా, అమ్మా? ఆయన భార్య పోయి చాలా కాలమైందని నాకు తెలుసు. ఈ మధ్య నీకు పంటి నొప్పులు ఎక్కువయ్యాయనీ తెలుసు. ఆ రెండూ కలిపి ఆలోచించాల్సిన రోజొస్తుందని మాత్రం అనుకోలేదు.

కోటు పట్టుకుని తిన్నగా క్లినిక్కుకి వెళ్ళాను. ఆయన ఎవరి నోట్లోనో చేతులు పెట్టి ఉన్నారు. కోటు ఆయన ముందు పరిచి ‘ఇది మీదేనా?’ అన్నాను. తొడుగులు తీసి, కళ్ళజోడు సర్దుకుని, కాలరు తిప్పి చూసి, ‘గుర్తు నాదే. కోటు నాది కాదమ్మా’ అన్నారు. ‘మా అమ్మ బీరువాలోకి ఎలా వచ్చింది?’ అన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు ఇంక ఒక్క ముక్క మాట్లాడలేదు. కుర్చీలో ఉన్నావిడ నోరు మూసుకోవడం కూడా మరిచిపోయింది. బయటికి వస్తూ చూశాను, తలుపు మీద ‘నెలాఖరున క్లినిక్కు ఉండదు’ అని రాసిన కాగితం. నీ ఆఖరి కచేరీ ఎప్పుడు? నెలాఖరున. నేనేమీ అనడం లేదు, చదివింది రాస్తున్నాను.

ఇంక నీ ప్రశ్నకి జవాబు. అవును, నీ ఇంట్లోనే ఉంటున్నాను. నువ్వు వెళ్ళిన మర్నాడే వచ్చేశాను.

జేబులు తడమకుండా బట్ట నీళ్ళలో వెయ్యకూడదని నువ్వే నేర్పావు. ఆయన చొక్కా జేబు తడిమితే ఉంగరం దొరికింది. ఎర్ర రిబ్బను కట్టి మరీ! బంగారం కాదు, స్టీలుది. ఆరు పలకలు, లోపల అంతా గీతలు, నా బొటనవేలికి కూడా వదులే. ఈ కాలం డిజైన్లు ఇలాగే ఏడుస్తున్నాయి. అంత లావు వేళ్ళది ఎవతో నాకు తెలియదు. ఎవరిదని అడిగాను. ‘ఒకావిడది. ఎవరో చెప్పను, చెప్పనని మాటిచ్చాను’ అన్నారు. మొహం మీదే! కనీసం అబద్ధం చెప్పి ఉన్నా ఇంత బాధ ఉండేది కాదు. అరిచాను, ఏడ్చాను, పెట్టె సర్దుకున్నాను. గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు గానీ నోరు విప్పలేదు.

నెలాఖరుకి నా సామానంతా తెచ్చేసుకుంటాను. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత.

అమ్మా, ఆ ఆఖరి కచేరీ వదిలేసి వచ్చెయ్. నాకు అన్నం సయించడం లేదు. బళ్ళో పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను. వస్తే కోటు మాట ఎత్తను, ఒట్టు. రాకపోతే నీకు నాకంటే ఆ కోటువాడే ఎక్కువని అనుకుంటాను.

నీ కూతురు


నవంబరు 21

తల్లీ,

నేను రావడం లేదు. ఈ మాట ముందే రాస్తున్నాను, లేకపోతే దాన్ని వెతుక్కుంటూ మిగతాది సరిగ్గా చదవవు.

లాడ్జీవాళ్ళ ఫోను చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. ‘కానీ అమ్మా’ అని నువ్వు మొదలుపెడితే ఇదంతా చెప్పలేను. తొందరగా చేరాలని ఎక్కువ స్టాంపులు అంటిస్తున్నాను. కూర్చుని చదువు.

ఆ ఉంగరం ఉంగరం కాదు, నట్టు. నువ్వు చదవనన్న నా మొదటి ఉత్తరంలోని నట్టు. టికెట్టుతో ఇస్తారే, అది. ఇంట్లో కూర్చుని ఫోనులో టికెట్లు కొనడం నాకు చేతకాక అల్లుణ్ణి అడిగాను. కౌంటరు దగ్గరికి వెళ్ళి తెచ్చిచ్చింది కూడా అతనే. నీకు తెలిస్తే ఆపేస్తావని, చచ్చినా చెప్పనని మాట తీసుకున్నాను. అతను చచ్చేదాకా తెచ్చుకున్నాడు గానీ చెప్పలేదు! పెళ్ళాం పెట్టె సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి కూడా అత్తగారికిచ్చిన మాట నిలబెట్టుకున్న మనిషిని ఏమనాలో నాకు తెలియడం లేదు. వెర్రివాడు. అలాంటి వెర్రివాడు మళ్ళీ దొరకడు, సామాను విప్పుకో.

ఇంక కోటు.

నువ్వు కౌంటరు కింద కూర్చుని గుర్తులన్నీ నేర్చుకున్నావు గానీ, అవి చేతులు మారతాయని నీకెవరూ చెప్పలేదు. దారాల రంగులు ఎన్నని ఉంటాయి? ఎవరైనా ఊరు మారితేనో, ఏడాది దాటినా బట్టలు వెయ్యకపోతేనో, ఆ గుర్తు కొత్తగా వచ్చినవాళ్ళకి ఇచ్చేస్తాం. మా షాపు పద్ధతి అది. పళ్ళ డాక్టరు మన వీధికి వచ్చినప్పుడు ఖాళీగా ఉన్న గుర్తు ఒకటుంది. రెండు ఎర్రలు, ఒక పసుపు. ఆయన కోటుకి నేనే కుట్టాను.

దానికి ముందు ఆ గుర్తు నాది.

షాపులో చేరిన కొత్తలో మొదటి జీతంతో ఆ కోటు కొన్నాను. ఆడవాళ్ళకి అలాంటివి కుట్టేవాళ్ళు కాదు, మగవాళ్ళ దుకాణంలో తమ్ముడికని చెప్పి తీసుకున్నాను. నాకు తమ్ముడు లేడని నీకు తెలుసు. షాపు మెషీనులోనే ఉతుక్కునేదాన్ని, అందుకే గుర్తు. అది వేసుకుని నడుస్తుంటే వెనకనుంచి ఒకాయన ‘ఏమయ్యా, టైమెంతయింది?’ అని అడిగాడు. వెనక్కి తిరిగేసరికి ఆయన మొహం చూడాలి! పెళ్ళయ్యాక మడిచి పెట్టాను. మీ నాన్న వద్దనలేదు, అసలు అడగనేలేదు. నేనే మడిచి పెట్టాను. నువ్వు పుట్టావు. గుర్తుకి గడువు దాటింది.

కాబట్టి తల్లీ, నీ మొగుడు టికెట్లు కొనిపెట్టిన ఆడమనిషీ నేనే, నా బీరువాలో కోటు దాచిన మగమనిషీ నేనే. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికావు. పాపం ఆ డాక్టరు మాత్రం ఏం మాట్లాడతాడు? ఆయన చేత నా పన్ను పీకించుకున్నానే తప్ప ఆయనతో ఒక కాఫీ కూడా తాగలేదు.

నవ్వుకుంటూనే రాస్తున్నాను గానీ, నాకు కోపంగా ఉంది. బాధగా కూడా ఉంది. ‘ఆ కోటువాడు’ అన్నావు. మీ నాన్న భుజాలకి కొలిచావు, డాక్టరు ముందు పరిచావు, షాపులో ఊరందరి కాలర్లూ తిప్పావు. ‘అమ్మా, ఇది నీదా?’ అని మాత్రం నీకు తోచలేదు. ఒక్కసారైనా తోచలేదు. నేను పుట్టడమే మీ అమ్మగా పుట్టాననుకున్నావా?

ఆ కోటు కొన్నది వీళ్ళ కచేరీకి వెళ్ళడానికే. ఇప్పుడు ఆఖరిది ఎక్కడ జరుగుతుందో, అప్పుడూ అదే ఊళ్ళో, అదే మైదానంలో. వేసుకుని బయల్దేరుతుంటే మా అమ్మ తలుపుకి అడ్డంగా నిలబడింది. నేను కోటు విప్పేశాను. మొన్న బయల్దేరే ముందు మళ్ళీ తీసి తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను. గుండీలు అందలేదు, సిగ్గేసింది, మళ్ళీ తువ్వాల్లో చుట్టేశాను. ఇప్పుడు ఉత్తరంలో నువ్వు నిలబడ్డావు. అడ్డు లే తల్లీ. ఈసారి ఆగితే మళ్ళీ లేదు, వాళ్ళకీ లేదు, నాకూ లేదు.

డాక్టరుకి క్షమాపణ చెప్పు. అల్లుడికి అంతకంటే ముందు చెప్పు.

అమ్మ


నవంబరు 25

అమ్మా,

ఈ పార్శిలు నువ్వు చేరేసరికే ఆఖరి ఊరి లాడ్జీలో ఉండాలని బస్సులో వేయిస్తున్నాను, అందుకే తొందరగా రాస్తున్నాను.

ఇంటికి వెళ్ళాను. ఆయన తలుపు తీశారు. ‘ఆ ఉంగరం ఎవరిదో తెలిసింది’ అన్నాను. ‘మీ అమ్మగారే చెప్పారా?’ అన్నారు. ఊ అన్నాను. ‘అయితే ఇంక చెప్పొచ్చు’ అని కూర్చుని, నాకు తెలిసిన కథంతా మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చెప్పారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను. సామాను విప్పాను. కానీ మీరిద్దరూ కూడబలుక్కుని నన్ను బయట నిలబెట్టారు, అది మాత్రం అంత తొందరగా మరిచిపోను. నాకు చెబితే నిజంగా ఆపేసేదాన్నా అని రెండు రోజులు ఆలోచించాను. ఆపేసేదాన్నే. సరే, ఈ ఒక్కసారికి వదిలేస్తున్నాను.

డాక్టరుగారి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. నెలాఖరున ఆయనకి కంటి ఆపరేషనట, సెలవు అందుకు. నేను తల దించుకుని చెప్పాల్సింది చెప్పాను. ఆయన ‘అయితే ఇన్నేళ్ళూ మీ అమ్మగారి గుర్తు మీద నేను కూర్చున్నానన్నమాట’ అన్నారు. మర్నాడు మీ షాపుకి వెళ్ళి కొత్తది వేయించుకున్నారు. ఆకుపచ్చ, నాలుగు కుట్లు. పాతది ఇంకెవరికీ ఇవ్వొద్దని యజమానికి మరీ మరీ చెప్పి వచ్చారట.

నువ్వు రాసింది నిజం. తోచలేదు. నీ ఉత్తరం చదివాక కోటు తీసి నేను వేసుకున్నాను. నాకు సరిగ్గా సరిపోయింది, భుజాలతో సహా. అద్దంలో చాలాసేపు చూశాను. అప్పటి నీకంటే ఇప్పటి నేను పదిహేనేళ్ళు పెద్దదాన్ని. నాకెందుకో నీతో మాట్లాడాలనిపించింది, అప్పటి నీతో.

పక్క కుట్లు విప్పి, రెండు వైపులా నల్ల గుడ్డ వేయించాను. ఇప్పుడు గుండీలు అందుతాయి. కాలరు ముట్టుకోనివ్వలేదు. వేసుకునే ముందు ఏం చెయ్యాలో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంతకీ, ఆ స్టూలు బస్సు డ్రైవరమ్మ ఎవరు? ఊరికే అడుగుతున్నాను.

నీ కూతురు


డిసెంబరు 1

నా ఇన్‌స్పెక్టరమ్మకి,

జేబు తడిమాను. నట్టు దొరికింది. మెడలో వేసుకున్నాను.

రిబ్బను ఇస్త్రీ చేసి పెట్టావు, అది కూడా చూశాను. పక్కల్లో వేసిన గుడ్డ కోటు రంగు కంటే కొంచెం నల్లగా ఉంది, రెండు ఉతుకులైతే కలిసిపోతుంది.

కచేరీ గురించి ఇంటికొచ్చాక చెబుతాను. గొంతు లేదు. పాటలన్నీ పాడాను, రాని చోట అరిచాను. ఏడ్చాను కూడా, కానీ చుట్టూ అందరూ ఏడుస్తున్నారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆ బస్సు డ్రైవరమ్మ మళ్ళీ కనబడింది. ఆవిడ పేరు ఈసారీ అడగలేదు, నువ్వు కేసు మూసెయ్యొచ్చు.

నువ్వు అనుమానం మానెయ్యకు, మానేస్తే నువ్వు నువ్వు కావు. వెతికేటప్పుడు కొంచెం దగ్గర్లో కూడా వెతుకు, అంతే.

వరసలో నిలబడి ఉన్నప్పుడు ఆ డ్రైవరమ్మ నా కోటు చెయ్యి పట్టుకుని చూసింది. గుడ్డ తడిమింది, గుండీలు చూసింది. ‘ఇలాంటివి ఇప్పుడు రావడం లేదండీ. ఎవరిదిది?’ అని అడిగింది.

నాదే అన్నాను.

ఎల్లుండి సాయంత్రం బస్సుకి వస్తున్నాను.

అమ్మ